పికప్ లేపిస్తే నిజంగా పెరిగేది ఏది? తక్కువ ఖర్చు లిఫ్ట్ వెనకున్న లెక్కలు

వానలు మొదలయ్యాయంటే చిన్న పికప్‌లు నడిపేవాళ్ల దగ్గర ఒక మాట తరచుగా వినిపిస్తుంది: "బండి కింద తగులుతోంది, కాస్త లేపించాలి." కారణం పొలం బాట కావచ్చు, ఊరి మొదట్లో ఇష్టం వచ్చినట్టు పోసిన స్పీడ్ బ్రేకర్ కావచ్చు, నీళ్లు పారే కాజ్‌వే కావచ్చు. సలహాలకైతే కొదవ లేదు. కమాన్‌లో (ఇరుసు దగ్గర వంపు తిరిగి ఉండే ఉక్కు పట్టీల స్ప్రింగు కట్టలో) ఒక పట్టీ ఎక్కించమని ఒకరు, పెద్ద టైర్లు వేయించమని ఇంకొకరు, ఇరుసు మీద ఇనప దిమ్మ పెడితే సగం రోజు పనేనని మరొకరు. అదంతా చట్టవిరుద్ధం, ముట్టుకోవద్దని భయపెట్టేవాళ్లూ ఉంటారు.

ఈ సలహాల్లో ప్రతిదాంట్లోనూ కొంత నిజం ఉంది. అయితే ఇవన్నీ చేసే పని ఒకటి కాదు. ఒక పద్ధతి పెంచే ఎత్తును ఇంకో పద్ధతి అసలు తాకదు. అందుకే డబ్బు ఖర్చుపెట్టి కూడా "మళ్లీ అక్కడే తగులుతోంది" అనేవాళ్లు కనిపిస్తారు. ఈ బండి మీద ఇల్లు గడిచే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఈ చిక్కుముడి విప్పి చూడటం అవసరం.

ఎత్తు ఒకటి కాదు, మూడు

గ్రౌండ్ క్లియరెన్స్ అంటే బండి కింద అన్నిటికంటే కిందికి ఉన్న భాగానికీ నేలకూ మధ్య ఉన్న ఖాళీ. దాదాపు అన్ని చిన్న పికప్‌లలో ఆ భాగం వెనక ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్. అది చక్రాలతో పాటే ఉంటుంది. దానికీ రోడ్డుకూ మధ్య స్ప్రింగులు లేవు, టైరు ఒక్కటే ఉంది.

రెండోది ఛాసిస్ ఎత్తు, అంటే బండి అడుగు చట్రం ఎత్తు. ఇది స్ప్రింగుల మీద ఆధారపడుతుంది. లోడు పడితే తగ్గుతుంది, దింపితే పెరుగుతుంది. గేర్‌బాక్స్, డీజిల్ ట్యాంకు, సైలెన్సర్ గొట్టం ఛాసిస్‌కే వేలాడుతుంటాయి కాబట్టి బండి నడుము తగలడం, తగలకపోవడం దీన్ని బట్టే ఉంటుంది.

మూడోది క్యాబిన్, వెనక బాడీ ఛాసిస్ మీద కూర్చునే ఎత్తు. వాటి కింద దిమ్మలు పెట్టి లేపే పనిని బాడీ లిఫ్ట్ అంటారు. అమెరికాలో పెద్ద టైరు చక్రపు గూడుకి తగలకుండా దీన్ని వాడతారు. మన దగ్గర అరుదు. నేల నుంచి ఖాళీ ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు కాబట్టి సరుకు బండికి దీనితో పెద్ద ప్రయోజనం లేదు.

రేగడి బాటలో పట్టీ ఎందుకు పనిచేయదు

రేగడి నేలలో వాన పడ్డాక ట్రాక్టర్లు తిరిగిన బాటను ఒకసారి గుర్తుచేసుకోండి. రెండు లోతైన గాళ్లు, మధ్యలో మట్టి గట్టు. పికప్ చక్రాలు గాళ్లలోకి దిగుతాయి, డిఫరెన్షియల్ వచ్చి మధ్య గట్టు మీద ఆనుతుంది. ఇక చక్రాలు ఎంత తిరిగినా బండి కదలదు. ఇక్కడ ఛాసిస్ గట్టుకు చాలా పైనే ఉంది. తగిలింది ఇరుసు. కమాన్‌లో రెండు పట్టీలు ఎక్కువ వేసినా, దిమ్మలు పెట్టినా పైన ఉన్న ఛాసిస్ ఇంకా పైకి పోతుందేగానీ ఇరుసు ఉన్నచోటే ఉంటుంది.

ఇరుసును లేపగలిగేది టైరు ఒక్కటే. అదెంత లేపుతుందో లెక్క కట్టడం తేలిక. బొలెరోల్లో ఎప్పటి నుంచో కనిపించే 215/75 ఆర్15 టైరునే తీసుకుందాం. 215 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 75 అంటే పక్క గోడ ఎత్తు వెడల్పులో 75 శాతం. 15 అంటే రిమ్ము అంగుళాలు. పక్క గోడ 161 మి.మీ. చొప్పున పైనా కిందా కలిపి 322, రిమ్ము 381, మొత్తం దాదాపు 703 మి.మీ. వ్యాసం. దీని బదులు 235/75 ఆర్15 వేస్తే వ్యాసం సుమారు 733. తేడా 30 మి.మీ. అయితే ఇరుసు ఉండేది చక్రం మధ్యలో కాబట్టి పెరిగేది అందులో సగం, 15 మి.మీ. అంటే ఒకటిన్నర సెంటీమీటర్లు. నాలుగు కొత్త టైర్ల ఖరీదుకు దక్కేది అంతే.

దాంతోపాటు వచ్చే మార్పులున్నాయి. చక్రం చుట్టుకొలత నాలుగు శాతం పెరిగింది కాబట్టి స్పీడోమీటరు 60 చూపిస్తున్నప్పుడు బండి దాదాపు 62.5 మీద వెళ్తుంటుంది. మొదటి గేరు కూడా అంతే మేర బరువెక్కుతుంది, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్‌కు శ్రమ ఎక్కువవుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి గోడకు రాసుకునే అవకాశం ఉంది. ఇంకా ముఖ్యమైన సంగతి, సరుకు బండి టైరుకు లోడు మోసే సామర్థ్యం ప్రధానం. సైజు పెద్దదైనా, అసలు టైరు కంటే తక్కువ లోడు సూచిక ఉన్న కారు టైరు వేస్తే బండి బలం తగ్గినట్టే.

స్పీడ్ బ్రేకర్ సంగతి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ తగిలేది బండి నడుము. 3 మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) ఉన్న పికప్‌కు నడుము కింద 250 మి.మీ. ఖాళీ ఉంటే, అది తగలకుండా దాటగల గట్టు కోణం దాదాపు 19 డిగ్రీలు. ఛాసిస్‌ను ముందూ వెనకా 50 మి.మీ. లేపితే ఆ కోణం 22.6 డిగ్రీలకు చేరుతుంది. ఇక్కడ స్ప్రింగుల పని నిజంగానే ఫలితమిస్తుంది. రెండు బళ్లూ "తగులుతోంది" అనే అంటాయి, మందు మాత్రం వేరు.

చాలాసార్లు జరిగింది: ఉన్న ఎత్తు పోవడం

ఐదారేళ్లు లోడు మోసిన పికప్ కొత్తగా కొన్న రోజున్నంత ఎత్తులో ఉండదు. కమాన్ పట్టీలు కొద్దికొద్దిగా వంపు కోల్పోతాయి, రబ్బరు బుష్‌లు నలిగిపోతాయి, ఒక్కోసారి మధ్యలో ఒక పట్టీ విరిగినా మిగతావి మోస్తుంటాయి కాబట్టి యజమానికి తెలియదు. ఖాళీ బండిని చదును నేల మీద నిలబెట్టి, చక్రం మధ్య నుంచి బాడీ అంచు వరకు టేపుతో కొలిచి, అదే మోడల్ కొత్త బండితో పోల్చితే ఇది బయటపడుతుంది. ఎడమకూ కుడికీ తేడా ఉంటే పట్టీ విరిగిందేమోనని అనుమానించాలి.

కంపెనీ నుంచి వచ్చే పికప్ ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం కొంచెం లేచి ఉంటుంది. లోడు పడ్డాక సమానం కావాలని అలా చేస్తారు. మీ బండి ఖాళీగా ఉన్నప్పుడే సమానంగా కనిపిస్తోందంటే వెనక కమాన్ దిగిపోయిందన్నమాటే.

ఈ పరిస్థితిలో అన్నిటికంటే చవకైన ఎత్తు, పోయిన ఎత్తును తిరిగి తెచ్చుకోవడమే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల కమాన్ పనికే ప్రత్యేకంగా షాపులున్నాయి. అక్కడ పట్టీలకు మళ్లీ వంపు తీస్తారు. పని సరిగ్గా చేయాలంటే పట్టీని 850 డిగ్రీలకు పైగా కాల్చి, వంపు ఇచ్చి, నూనెలో చల్లార్చి, మళ్లీ 400–500 డిగ్రీల మధ్య వేడిలో ఉంచాలి. ఆ రెండో వేడినే టెంపరింగ్ అంటారు, స్ప్రింగుకు సాగే గుణం నిలిచేది దాంతోనే. గ్యాస్ మంటతో ఒకచోట ఎర్రగా కాల్చి వంచేస్తే ఆ చోట ఉక్కు మెత్తబడుతుంది, లేదా పెళుసెక్కుతుంది. చూడటానికి వంపు వచ్చినట్టే ఉంటుంది కానీ కొన్ని నెలల లోడుకే దిగుతుంది, లేదంటే అక్కడే విరుగుతుంది. "వంపు తీయించినా లాభం లేదు" అనేవాళ్ల అనుభవం, "ఏళ్ల తరబడి నిలిచింది" అనేవాళ్ల అనుభవం రెండూ నిజమే. తేడా అంతా ఆ వేడి దగ్గరే ఉంది.

ఒక పట్టీ ఎక్కిస్తే ఎంత లేస్తుంది?

ఇది అందరూ చేయించే పని, ఎక్కువగా అపార్థం చేసుకునేదీ ఇదే.

లెక్క సులువుగా ఉండటానికి ఒక ఉదాహరణ. వెనక ఒక్కో వైపు ఒకే మందం గల 5 పట్టీలున్నాయి, ఆ కట్ట ప్రతి 5 కిలోల బరువుకు 1 మి.మీ. దిగుతుంది అనుకుందాం. ఖాళీ బండిలో ఒక్కో వైపు 150 కిలోలు పడితే 30 మి.మీ. దిగుతుంది. లోడుతో 600 కిలోలు పడితే 120 మి.మీ. ఇప్పుడు అదే వంపుతో ఆరో పట్టీ చేరిస్తే బలం అయిదింట ఒక వంతు పెరుగుతుంది. 1 మి.మీ. దిగడానికి 6 కిలోలు కావాలి. ఖాళీగా దిగేది 25, లోడుతో దిగేది 100.

అంటే లోడు మీద 20 మి.మీ. మిగిలింది, ఖాళీగా 5 మి.మీ. మాత్రమే. అదనపు పట్టీ నిలబెట్టిన బండిని పెద్దగా లేపదు, లోడు కింద కుంగడాన్ని తగ్గిస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఎత్తు కావాలంటే మిగతా వాటికంటే ఎక్కువ వంపున్న పట్టీ వేయాలి. అలాంటిది వేస్తే ఎత్తు వస్తుంది, బదులుగా ఖాళీ బండి గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది.

పట్టీ మందం కూడా చూడాలి. పట్టీ గట్టిదనం మందానికి ఘనం చొప్పున పెరుగుతుంది. 8 మి.మీ. పట్టీలున్న కట్టలో ఒక 10 మి.మీ. పట్టీ చేర్చడమంటే దాదాపు రెండు 8 మి.మీ. పట్టీలు చేర్చినట్టే. "ఒక్క పట్టీయేగా" అని వేయించాక డ్రైవరుకు నడుము నొప్పి మొదలయ్యిందంటే కారణం తరచుగా ఇదే.

దీని మీద రెండు వాదనలున్నాయి. రోజూ బండి నడిపేవాళ్లు "అందరూ వేసుకుంటారు, కుంగిన బండి కంటే ఇదే మేలు" అంటారు. అందులో సత్యం ఉంది. స్ప్రింగు పూర్తిగా కుంగి ఇరుసు ఛాసిస్‌ను కొడుతూ తిరిగే బండి ఎవరికీ మంచిది కాదు. ఇంజనీర్లు చెప్పేది వేరు. పట్టీ పెరిగినంత మాత్రాన బండి మోయగలిగే బరువు పెరగదు. బేరింగులు, టైర్లు, బ్రేకులు, ఛాసిస్ అవే. కుంగితే డ్రైవరుకు "లోడు ఎక్కువైంది" అని తెలిసేది. పట్టీ ఎక్కించాక ఓవర్‌లోడు బండి కూడా సమానంగా, బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నా అభిప్రాయంలో ఈ రెండో మాట బరువైనది. పట్టీలో తప్పులేదు, అది దాచిపెట్టే సంగతిలోనే ప్రమాదం ఉంది.

దిమ్మలు, పొడవాటి షాకిళ్లు, ముందు చక్రాలు

ఇరుసుకూ కమాన్‌కూ మధ్య ఇనప దిమ్మ పెడితే దిమ్మ మందమంతా ఎత్తు వస్తుంది. 50 మి.మీ. దిమ్మకు 50 మి.మీ. స్ప్రింగు మెత్తదనం మారదు. వెనక ఇరుసుకు మాత్రమే, అదీ పొడవైన కొత్త యూ-బోల్టులతో, ఒకే ముక్క దిమ్మతో చేసే పని ఇది. దిమ్మ మీద దిమ్మ పేర్చితే ఇరుసుకు తిరగబడే బలం పెరిగి, బ్రేకు వేసినప్పుడు, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కమాన్ మెలిక పడుతుంది. స్టీరింగ్ ఉన్న ముందు ఇరుసుకు దిమ్మ పెట్టడం ప్రాణాంతకం. దాని మీద భిన్నాభిప్రాయం లేదు.

కమాన్ చివర ఊగే షాకిల్‌ను పొడవు చేస్తే పెంచిన పొడవులో సగమే ఎత్తుగా వస్తుంది. స్ప్రింగు ఒక చివరే కదా కిందికి జరిగేది.

వెనక ఒక్కటే లేపినప్పుడు ముందు ఏమవుతుందో చాలామంది చూసుకోరు. 3 మీటర్ల వీల్‌బేస్ బండిని వెనక 75 మి.మీ. లేపితే బండి మొత్తం దాదాపు 1.4 డిగ్రీలు ముందుకు వాలుతుంది. ముందు చక్రాల క్యాస్టర్ కోణం అంతే తగ్గుతుంది. మలుపు తర్వాత స్టీరింగ్‌ను తనంతట తాను నిటారుకు తెచ్చేది, హైవే మీద బండిని సూటిగా ఉంచేది ఈ కోణమే. అది 3 డిగ్రీలున్న బండికి సగం పోయినట్టు లెక్క. "లేపించాక స్టీరింగ్ తేలిపోతోంది" అనే ఫిర్యాదుకు మూలం ఇక్కడుంది.

ముందు చక్రాలకు కమాన్ బదులు కాయిల్ స్ప్రింగులుండే ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ లాంటి బళ్లది ఇంకో కథ. 2016లో మన శ్రీసిటీ ప్లాంటు నుంచి మొదలైన ఈ పికప్‌కు ఆస్ట్రేలియా, థాయ్‌లాండ్ తయారీ లిఫ్ట్ కిట్లు దొరుకుతాయి. ఖర్చు తగ్గించుకోవాలనుకునేవాళ్లు స్ప్రింగు, షాక్ కట్ట పైన స్పేసర్ బిళ్ల వేస్తారు. చక్రాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే చేతి కడ్డీ (కంట్రోల్ ఆర్మ్) పొడవు వల్ల ఆ బిళ్ల మందానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల ఎత్తు చక్రం దగ్గర వస్తుంది. చవక. కానీ చక్రం కిందికి దిగడానికి ఉండే జాగా తగ్గవచ్చు, ఫోర్ వీల్ డ్రైవ్ షాఫ్టు జాయింట్లు ఎప్పుడూ వంకర కోణంలోనే తిరుగుతాయి. అలైన్‌మెంట్ చేయించకుండా వదిలేస్తే టైరు ఒక పక్కే అరిగిపోతుంది.

ఏ పద్ధతైనా బ్రేకు పైపు సాగే పొడవు, షాక్ అబ్జార్బర్ పొడవు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసును తిప్పే కడ్డీ) జాయింట్ల కోణం మీద దాని ప్రభావం పడుతుంది. లేపిన తర్వాత ఒక వేగం దగ్గర బండి అడుగున సన్నగా వణుకు మొదలైతే ఆ జాయింట్ల కోణమే కారణం కావచ్చు.

బ్రేకులకు లోడు ఎలా తెలుస్తుంది

నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునేదీ, అన్నిటికంటే ప్రమాదకరమైనదీ ఇదే.

పికప్ ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాల మీద బరువు తక్కువ. గట్టిగా బ్రేకు పడితే అవి ఆగిపోయి జారతాయి, బండి వెనక భాగం పక్కకు తిరుగుతుంది. లోడు ఉన్నప్పుడు మాత్రం వెనక బ్రేకులు పూర్తి బలంతో పనిచేయాలి. ఈ రెంటినీ సర్దడానికి చాలా పికప్‌లలో ఛాసిస్‌కు ఒక వాల్వ్ బిగించి ఉంటుంది. దాని నుంచి ఒక సన్నటి కడ్డీ, లేదా స్ప్రింగు, వెనక ఇరుసుకు వెళ్తుంది. మెకానిక్‌లు దీన్ని ఎల్‌ఎస్‌పీవీ (లోడ్ సెన్సింగ్ ప్రొపోర్షనింగ్ వాల్వ్) అంటారు. లోడు పడి ఛాసిస్ కిందికి దిగితే కడ్డీ కదులుతుంది, వాల్వ్ వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది.

అంటే ఆ వాల్వ్‌కు బరువు తెలియదు. దానికి తెలిసేది ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య దూరం మాత్రమే. మీరు దిమ్మ పెట్టి ఆ దూరాన్ని 50 మి.మీ. పెంచారు, కడ్డీని అలాగే వదిలేశారు అనుకోండి. ఇక టన్ను సరుకు వేసినా వాల్వ్ బండి ఇంకా సగం ఖాళీ అనే అనుకుంటుంది. వెనక బ్రేకులకు ఒత్తిడి తగ్గించే పంపుతుంది. భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది, ఆగే దూరం పెరుగుతుంది. ఖాళీ బండితో ట్రయల్ చూస్తే అంతా బాగానే ఉంటుంది. తేడా తెలిసేది లోడుతో ఘాట్ దిగుతున్న రోజున. అదనపు పట్టీతో కూడా ఇదే జరుగుతుంది, కాస్త తక్కువ మోతాదులో.

కడ్డీని కొత్త ఎత్తుకు తగ్గట్టు సర్దడం పెద్ద ఖర్చు కాదు. కంపెనీ సర్వీసు పుస్తకంలో దాని కొలత ఉంటుంది. ఏబీఎస్ వచ్చిన కొత్త బళ్లలో కొన్నింటికి ఈ వాల్వ్ ఉండదు కూడా. లేపే పనిలో ఇది భాగమని తెలియకపోవడమే అసలు సమస్య.

బోల్తా భయం ఎంతవరకు నిజం

ఎత్తు పెరిగితే బోల్తా కొడుతుందనే భయం సహజమే. బండి బోల్తాకు దగ్గరపడేది రెండు కొలతల మీద ఉంటుంది. చక్రాల మధ్య వెడల్పులో సగం, బరువు కేంద్రం ఎత్తు. వెడల్పు 1,400 మి.మీ., లోడుతో బరువు కేంద్రం నేల నుంచి 900 మి.మీ. ఉందనుకుందాం. 30 మీటర్ల వ్యాసార్థమున్న మలుపులో, లెక్క ప్రకారం దాని హద్దు గంటకు దాదాపు 54 కి.మీ. బరువు కేంద్రాన్ని 75 మి.మీ. లేపితే 52 అవుతుంది. పోయింది రెండు కిలోమీటర్ల వేగం.

ఇప్పుడు బండిని లేపకుండా, పత్తి బోరేలను క్యాబిన్ దాటి ఎత్తుగా కట్టాం, బరువు కేంద్రం 1,200 మి.మీ.కు చేరింది అనుకుందాం. హద్దు 47కు పడిపోతుంది. దాని మీద మళ్లీ 75 మి.మీ. లేపితే 46లోపే. అంటే లిఫ్ట్ కంటే లోడు కట్టే ఎత్తే చాలా ఎక్కువ తేడా తెస్తుంది. ఇవి కాగితం మీది హద్దులు. నిజం రోడ్డు మీద స్ప్రింగులు పక్కకు వాలడం, లోడు జరగడం, గుంత తగలడం కలిసి ఆ హద్దు ఇంకా చాలా ముందే వస్తుంది. "లేపితే బోల్తానే" అనడం అతిశయోక్తి, "ఏమీ కాదు" అనడం కూడా తప్పే. ఎత్తుగా సరుకు కట్టే బండికి ఉన్న కొద్దిపాటి భద్రతలోంచే లిఫ్ట్ కొంత తినేస్తుంది.

చట్టం గీసిన గీత

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నంగా ఉండేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది వచ్చిన సవరణలో, అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని చేర్చారు.

దీన్ని రెండు రకాలుగా చదువుతున్నారు. లిఫ్ట్‌ను సమర్థించేవాళ్లు గ్రౌండ్ క్లియరెన్స్, పట్టీల సంఖ్య ఆర్సీలో ఉండవు కాబట్టి 52వ సెక్షన్ వర్తించదంటారు. అధికారులు తయారీదారు నిర్దేశించిన రూపమే ప్రమాణమంటారు. ఇందులో టైర్ల విషయం మాత్రం స్పష్టం. సరుకు బళ్ల రిజిస్ట్రేషన్ ఫారాల్లో టైరు సైజు నమోదవుతుంది, కాబట్టి సైజు మార్చడం కాగితంతోనే తేడా వస్తుంది. దిగిపోయిన కమాన్‌ను అదే స్పెసిఫికేషన్ కమాన్‌తో మార్చడం మరమ్మతు, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. దిమ్మలు, పొడవాటి షాకిళ్లు మార్పు కిందికి వస్తాయి. అదనపు పట్టీ ఈ రెంటి మధ్యలో ఉంది, ఇన్‌స్పెక్టర్‌ను బట్టి నిర్ణయం మారుతుంది. ఆస్ట్రేలియా లాంటి చోట కొద్దిపాటి లిఫ్ట్‌ను అలాగే అనుమతించి, అది దాటితే ఇంజనీరు ధ్రువీకరణ అడుగుతారు. మన దగ్గర అలాంటి మెట్టు లేదు. ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను, ఎందుకంటే ఇప్పుడున్న పద్ధతిలో జాగ్రత్తగా చేయించుకున్నవాడికీ అడ్డగోలుగా చేయించుకున్నవాడికీ తేడా లేదు.

సరుకు బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. హెడ్‌లైట్ల వాలు, బ్రేకులు చూసేది అక్కడే. బీమా దగ్గర ఇంకో చిక్కు ఉంది. కంపెనీకి తెలియజేయని మార్పు ప్రమాదం తర్వాత సర్వేయర్ కంటపడితే, సొంత బండి నష్టం క్లెయిమ్‌ను తగ్గించడానికో తిరస్కరించడానికో అదొక కారణం అవుతుంది. అదే స్పెసిఫికేషన్ కమాన్ వేయించినవాళ్ల చేతిలో షాపు బిల్లు ఉంటే అది మరమ్మతు అని చూపించడానికి ఆధారం ఉంటుంది.